దొర వదిలేసిన మోటారు

కోయిలకుంట్ల మిషను బంగళాలో పాత పాదిరి దొర ఉన్నన్నాళ్ళూ ఆయన మోటారు నడిపింది బాలస్వామి. దొర వయసు మీదపడి సీమకు వెళ్ళిపోయాక కొత్త దొర వచ్చాడు. ఆయన వెంట కొత్త మోటారూ, దానికొక నంద్యాల డ్రైవరూ వచ్చారు. పాత మోటారు అప్పటికే ఒక వానాకాలమంతా షెడ్డులో కదలకుండా పడి ఉంది. "కావాలంటే నువ్వు తీసుకుపో, లేకుంటే పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేస్తాను" అన్నాడు కొత్త దొర. బాలస్వామి ఆ పొద్దే తెలిసిన రైతును అడిగి ఎద్దుల జతను తెచ్చాడు. మోటారుకు మోకు కట్టించి, తాను స్టీరింగు పట్టుకుని కూర్చుని, దారి పొడుగునా జనం నవ్వుతుంటే తానూ నవ్వుతూ ఇంటికి తోలుకొచ్చాడు. రెండో యుద్ధానికి కొన్నేళ్ళ ముందు సంగతి ఇది.

బాలస్వామి భార్య వరమ్మ చేట చేతిలో పట్టుకుని గడపలో నిలబడి చూసింది. ఇంటిముందున్న ఖాళీ జాగా అంతా మోటారే అయిపోయింది.

"ఏమయ్యా, నేను మిరపకాయలు యాడ ఆరబోసుకోవాల?"

"దీని టాపు మీద పొయ్యి. ఎండ బాగా తగుల్తాది."

వరమ్మ నిజంగానే మరునాడు టాపు మీద పాత చీర పరిచి మిరపకాయలు పోసింది. కోళ్ళు వెనకసీటు కిందకు చేరాయి. బాలస్వామికి తరిమే తీరిక లేదు, తల బానెట్టు లోపల ఉంది.

వాళ్ళ ఇంటి వెనక వీధి అంతా సాలెవాళ్ళది. అందులో మద్దయ్య అనే నేతగాడు బాలస్వామికి చిన్ననాటి స్నేహితుడు. మగ్గం దిగి నడుము సాగదీసుకోవాలనిపించినప్పుడల్లా వచ్చి మోటారు పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు.

"ఏమప్పా బాలసామీ, బాగు చేసి ఏం చేస్తావు దీన్ని? బాడుగకు తిప్పుతావా?"

"బాడుగా లేదు, ఏమీ లేదు. వరమ్మను ఎక్కిస్తా."

"ఎక్కించి?"

"ఎక్కించి తిప్పుతా. ఇంతకాలం దొరల్ని తిప్పితి, దొరసానుల్ని తిప్పితి, వాళ్ళ కుక్కను గూడా తిప్పితి. ఆదివారం ఆరాధనకు ఈ మోటారు లేపిన దుమ్ములోనే ఆ మనిషి నడిచి వచ్చేది. అద్దంలో చూస్తాంటి. ఆపేదానికి ల్యా, ఎక్కించుకునేదానికి ల్యా. మోటారు నాది గాదు గదా."

లోపల కొర్రలు దంచుతున్న వరమ్మ రోకలి ఆపి ఆ మాటలు విన్నది. విన్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. కానీ ఆ సాయంత్రం టాపు మీది మిరపకాయలు తీసేసి, కోళ్ళను గంప కింద మూసింది. మరునాటి నుంచి పొలం పని కాగానే తానూ వచ్చి మోటారు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

మొదటి చిక్కు నీళ్ళ గొట్టంతో వచ్చింది. ఇంజను వేడెక్కకుండా రేడియేటరు నుంచి నీళ్ళు తెచ్చే రబ్బరు గొట్టం ఎండిపోయి, చేత్తో పట్టుకుంటే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. కొత్తది కావాలంటే మద్రాసు నుంచి రావాలి. బాలస్వామి ఆ గొట్టం ముక్కను అరచేతిలో పెట్టుకుని దిగాలుగా కూర్చుంటే వరమ్మ ఇంటి చూరు వైపు చూపించింది. బావిలోంచి నీళ్ళు తోడే కపిల బాన పాతది అక్కడ వేలాడుతోంది. దాని కింద నీళ్ళు కాలవలోకి వదిలే తోలు తొండం ఇంకా గట్టిగానే ఉంది.

"అది నీల్లకు పుట్టిందే గదా. కొయ్యి."

బాలస్వామి తొండంలోంచి జానెడు ముక్క కోసి, ఆముదం పట్టించి, గొట్టం చోట తొడిగాడు. మద్దయ్య మైనం పూసిన దారం తెచ్చి రెండు కొసలా చుట్టి బిగించాడు. నీళ్ళు పోస్తే మొదట ధారగా కారాయి. మద్దయ్య ముఖం చిన్నబోయింది. తోలు నాని ఉబ్బేదాకా ఆగాలని వరమ్మ అన్నది. అంబలి తాగి వచ్చి చూస్తే కారడం ఆగిపోయింది.

రెండో చిక్కు పెట్రోలుది. టాంకులో తుప్పంతా కడిగి, నంద్యాల బస్సువాళ్ళ చేత తెప్పించిన పెట్రోలు పోశాడు. పోసిన కాసేపటికి కార్బొరేటరు పొంగి పెట్రోలు నేలమీద బొట్లు బొట్లుగా పడసాగింది. వరమ్మ వాసన పసిగట్టి, పొయ్యి మీది సంగటి కుండ దించి, నిప్పుల మీద నీళ్ళు కుమ్మరించింది.

"ఇయ్యాల సద్దిబువ్వే. పొయ్యి ఆర్పేసినా" అన్నది.

బాలస్వామి కార్బొరేటరు విప్పాడు. పెట్రోలు దారిని మూసే సన్నటి సూదిలో చెత్త ఇరుక్కుని ఉంటుందని తుడిచి బిగించాడు. మళ్ళీ పొంగింది. సూదిని సానరాతి మీద నూరి బిగించాడు. మళ్ళీ పొంగింది. విప్పడం, బిగించడం, పొంగడం, వరమ్మ పొయ్యి ఆర్పడం. ఇట్లా ఆ వారమంతా వాళ్ళింట్లో వేడి కూడు సరిగా లేదు.

ఒక మధ్యాహ్నం అతను విప్పి పరిచిన సామాన్లలోంచి వరమ్మ ఒక గుండ్రటి బెండును చేతిలోకి తీసుకుంది. పెట్రోలు మీద తేలుతూ, నిండగానే పైకి లేచి సూదిని నొక్కి దారి మూయాల్సింది అదే.

"పిల్లోల్లు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకుంటారే, ఇది అట్లాంటి బెండేనా?"

"ఆ, అట్లాంటిదే. ఎందుకు?"

"బెండు బరువుండదు గదయ్యా. ఇది చూడు, నానిన శనగల మూట మాదిరి ఉండాది."

బాలస్వామి దాన్ని తీసుకుని అరచేతిలో ఎగరేసి చూశాడు. చెంబులో నీళ్ళు తెచ్చి అందులో వేశాడు. బెండు మెడదాకా మునిగి, పైకి రానని మొండికేసినట్టు నిలబడింది. దాని పైపూత ఎప్పుడో కరిగిపోయింది. లోపలికంతా పెట్రోలు పీల్చుకుంది. తేలని బెండు సూదిని ఎట్లా మూస్తుంది?

"ఓయమ్మా! ఇన్ని దినాలు సూదిని తిట్టుకుంటి గదే. తప్పంతా దీంది" అని బాలస్వామి పగలబడి నవ్వాడు. నవ్వి, వరమ్మ తలమీద చెయ్యి పెట్టి, మసి అంటిందని గుర్తొచ్చి తీసేశాడు.

బెండును కొట్టం మీద ఎండబెట్టారు. కాకి ఎత్తుకుపోతుందని వరమ్మ దానిమీద జల్లెడ బోర్లించింది. మంచంకోళ్ళకు పూత పూసే వడ్రంగి అయ్యన్న దగ్గర స్పిరిటులో కరిగించిన లక్క తెచ్చి, పూత మీద పూత వేసి ఆరబెట్టారు. ఈసారి పెట్రోలు పొంగలేదు. ఆ పూట వరమ్మ పొయ్యి రాజేసి వేడి వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి చేసింది.

ఇక హ్యాండిలు తిప్పితే చాలు అనుకున్నారు. బాలస్వామి మోటారు ముందుకు పోయి, హ్యాండిలు పెట్టి, ప్రార్థన చేసుకుని తిప్పాడు. ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టుకు తగిలింది. చెయ్యి వాచింది. వరమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెడుతుంటే, నొప్పి సంగతి వదిలేసి మాగ్నెటో గురించే మాట్లాడాడు.

"నిప్పు సరిగా పుట్టడంల్యా. మాగ్నెటోలో రెండు మొనలుంటాయి. అవి తాకి ఇడిపోతేనే నిప్పురవ్వ లేచ్చాది. ఇడిపోయినప్పుడు నడుమ ఏలిగోరు మందం సందు ఉండాల. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. అదే కుదరడంల్యా."

చెయ్యి వాపు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాడు. మొనలు గీకి శుభ్రం చేసి, సందు పెట్టి, బిగించి తిప్పేవాడు. ఇంజను దగ్గేది, తన్నేది, ఊరుకునేది. లోపల చీకటిగా ఉందని మాగ్నెటో విప్పి ఎండలోకి తెచ్చుకున్నాడు. ఎండ కళ్ళలో కొడుతోందని నీడలోకి మార్చుకున్నాడు. పాత పనిముట్లు అరిగిపోయాయన్నాడు. దొరల దేశంలో చేసిన సామాను ఈ ఎండలకు తట్టుకోదన్నాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఒకపూట స్పానరు విసిరికొట్టాడు. అది ఎగిరి కుండకు తగలబోయి తప్పిపోయింది. ఆ పూట మద్దయ్య కూడా లేచి వెళ్ళిపోయాడు.

వరమ్మ మాత్రం మోటారును చూడడం మానేసి మొగుణ్ణి చూడసాగింది. మర పట్టే రంధ్రం ఒక చోట ఉంటే అతను దాన్ని పక్కన వెతుకుతున్నాడు. సందులో గోరు పెట్టి తడుముతున్నాడు తప్ప వంగి చూడడం లేదు. పెట్రోలు పోసేటప్పుడు సగం గరాటు బయట పోతోంది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాడు, కానీ పేజీ తిప్పడం ఆమె ఈ మధ్య చూడలేదు. ఒకరోజు కావాలనే కంచంలో అన్నం అంచున ఒక నల్ల రాయి పెట్టింది. చెయ్యి తగిలేదాకా అతనికి తెలియలేదు.

ఆమెకు అర్థమైంది. మోటారులో లేని జబ్బును మనిషి మోటారులో వెతుకుతున్నాడు. చెప్తే? బతుకంతా దారి చూసి నడిపిన మనిషితో నీకు చూపు లేదని ఎట్లా చెప్పాలి?

ఆ మధ్యాహ్నం బాలస్వామి తిని కునుకు తీస్తుంటే వరమ్మ మాగ్నెటో ముందు కూర్చుంది. అతను చేసేది ఇన్నాళ్ళూ చూసిందే. మొనలు రెండూ ఆమెకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒకటి కొంచెం పక్కకు ఒరిగి, సందు అవసరానికి రెండింతలు ఉంది. చిన్న మరను రవ్వంత తిప్పి, తన చిటికెనవేలి గోరు పెట్టి చూసింది. మళ్ళీ రవ్వంత తిప్పింది. గోరు తాకీ తాకనట్టు జారేదాకా తిప్పి, బిగించి, ఏమీ ఎరగనట్టు కొర్రలు చెరగడానికి కూర్చుంది.

బాలస్వామి నిద్ర లేచి, మాగ్నెటోను దాని చోట పెట్టి, హ్యాండిలు తిప్పాడు. మోటారు ఒళ్ళంతా వణికింది. ఒక నల్లటి పొగ వదిలి, టకటకటకమని అందుకుంది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. సాలెవీధిలో మగ్గాలు ఆగిపోయి జనమంతా పరుగెత్తుకొచ్చారు. బాలస్వామి బానెట్టు మీద రెండు చేతులూ పెట్టి, పశువును నిమిరినట్టు నిమిరాడు.

"చూసినావా వరమ్మా! చేతిలో పని యాడికి పోతాది?"

"యాడికీ పోదయ్యా" అన్నది వరమ్మ. అతని ఆనందం చూసి ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నది.

మరునాడు పొద్దున వరమ్మను తలంటుకోమన్నాడు. ఆమె మద్దయ్య నేసిచ్చిన ఎర్రంచు చీర కట్టుకుని వచ్చేసరికి, వెనక తలుపు తెరిచి, దొరసానికి నిలబడినట్టు పక్కన నిలబడ్డాడు.

"ఈడ కుచ్చో."

"ఎనకల కుచ్చుంటే నీ వీపు తప్ప నాకేం కనపడుతాది? నేను ముందరే కుచ్చుంటా."

అతని పక్కన కూర్చుంటే తప్ప తనకు మనసు నిలవదని ఆమె చెప్పలేదు. మోటారు మెల్లగా కదిలింది. పెద్ద రోడ్డుకు పోవాలంటే సాలెవీధి మీదుగానే పోవాలి. వీధి మలుపు తిరగగానే ఎండ ఎదురుగా కొట్టింది. ఆ ఎండలో, వీధి నడుమ, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొయ్యల మీద మద్దయ్య పడుగు సాగదీసి ఉంది. తెల్లటి దారాలు వేలకు వేలు. ఇంటిల్లిపాదీ కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. మోటారు అదే వేగంతో ముందుకు పోతోంది. బాలస్వామి పాట కూనిరాగం తీస్తున్నాడు.

"ఆపయ్యా! పడుగు! పడుగుండాది!"

అతను బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. ముందుచక్రం మొదటి కొయ్యను విరిచి ఆగింది. పడుగు ఒక పక్క వాలింది, మద్దయ్యా అతని కొడుకులూ దూకి పట్టుకున్నారు. దారం తెగలేదు. కుంచె చేతిలో పట్టుకుని మద్దయ్య వచ్చాడు. 

"ఏమప్పా, ఇంత పొడుగు పడుగు నీకు కనపడల్యా?"

బాలస్వామి స్టీరింగు వదల్లేదు. 

"ల్యాదప్పా" అన్నాడు. "నాకు కనపడల్యా. శానా దినాల్నుంచే మసకగా ఉండాది. మోటారు నడిపేవానికి కండ్లు పోయినాయంటే ఇంగేం మిగుల్తాదని, నాకు నేనే చెప్పుకోల్యా."

మద్దయ్య కోపం ఎక్కడికి పోయిందో పోయింది. విరిగిన కొయ్యను కాలితో పక్కకు నెట్టి, మోటారును వెనక్కి తోయడానికి కొడుకులను పిలిచాడు.

ఇంటికి వచ్చాక బాలస్వామి అరుగు మీద కూర్చున్నాడు. వరమ్మ పక్కన కూర్చుని, ఇక దాచి లాభం లేదని మాగ్నెటో సంగతి చెప్పేసింది. అతను తల తిప్పి ఆమె వైపు, ఆమె ఉన్న మసక వైపు చూశాడు.

"అంటే మోటారు లేసింది నీ చేత్తోనా?"

"ఒక్క మర రోంత తిప్పినా. మిగతాదంతా నువ్వు చేసిందే."

"నేను మురిసిపోతాంటే నవ్వుకుంటివా?"

"నవ్వల్యా. భయపడితి. నువ్వు బాధపడతావని చెప్పకుంటి. చెప్పకపోబట్టి ఈపొద్దు మద్దయ్యన్న బిడ్డల మీదికి ఎక్కించబోతివి. నాదీ తప్పే."

బాలస్వామి ఆ రోజూ, మరునాడూ మోటారు వైపే పోలేదు. మూడో రోజు గడ్డి వామి దగ్గరకు పోతున్న వరమ్మను పిలిచాడు.

"గోరు పెట్టి చూసినావా, అట్లనే కంటితో పెట్టినావా?"

"రెండూ. చిటికెనేలి గోరు."

"చిటికెనేలిదా? నాది బొటనేలిది. మందం గదా, అందుకే సందు ఎక్కువైంది" అని తనలో తాను లెక్కవేసుకుని, "మంచిపనే చేసినావు. దొర డ్రైవర్లకు గూడా అంత బిరీన కుదరదు" అన్నాడు. ఆ మాటతో ఇంట్లో మళ్ళీ గాలి ఆడినట్టయింది.

కుందేరు దాటి బస్సులో జమ్మలమడుగు ఆసుపత్రికి పోయారు. కంట్లో పొర ముదిరిందని, కోసి తీస్తే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. కోసిన తర్వాత కళ్ళకు కట్టుకట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారు. వరమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని గ్లాసుతో కొంచెం కొంచెంగా జావ పోసేది. కిటికీ బయట ఎవరిదో మోటారు వచ్చి ఆగితే బాలస్వామి పెదాలు కదిలేవి.

"వరమ్మా, ఆ బండికి ఒక ప్లగ్గు తగలడంల్యా. ఇంటాండావా? మూడు కొడతాంది, నాలుగోది తప్పుతాంది."

"ఇంటాండా. నీ తల కదిలిస్తే డాక్టరు నన్ను తిడతాడు. పండుకో."

"పోయి ఆ డ్రైవరుకు చెప్పి రా."

"చెప్పను. వాని మోటారు, వాని చెవులు."

అతను కట్టు కిందే నవ్వాడు. కాసేపటికి ఆమె లేచి వెళ్ళి చెప్పే వచ్చింది.

కట్టు విప్పి, కొన్నాళ్ళకు సీసా అడుగంత మందం అద్దాలు పెట్టారు. బాలస్వామి మొదట ఆసుపత్రి గోడను చూశాడు, తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు, తర్వాత వరమ్మను చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ తల ఎప్పుడు నెరిసిందే?"

"నువ్వు బానెట్టులో తల పెట్టుకోని ఉన్నప్పుడు."

ఇంటికి వచ్చాక చూస్తే తోలుగొట్టం ఎండి బిగుసుకుపోయింది, బాటరీ నీరసించింది, ఒక చక్రంలో గాలి లేదు. "ఇంత అసయ్యంగా కట్టినామా మనం!" అని దారపు ముడులు చూసి మద్దయ్యను ఆటపట్టించాడు. అన్నీ ఒక్కొక్కటే సరిచేశారు. మాగ్నెటో మాత్రం ఆమె పెట్టినట్టే ఉంచాడు. దాన్ని అతను విప్పలేదు. పగటిపూట మాత్రమే నడపాలని, అద్దాల పక్కల నుంచి సరిగా కనిపించదు కనుక నెమ్మదిగా పోవాలని డాక్టరు చెప్పాడు. వరమ్మ ఆ మాటను రోజుకొకసారైనా గుర్తుచేసేది.

పంటలు ఇంటికి వచ్చిన రోజుల్లో ఒకనాడు ఇద్దరూ బయలుదేరారు. యాడికి పోదామని అతను అడిగితే, ఫలానా చోటికని ఆమెకు తట్టలేదు. జొన్న కోసిన చేల నడుమ, బనగానపల్లె రోడ్డు మీద, ఊరికే పోదామన్నది. బాలస్వామి ముందుకు వంగి, రోడ్డును మింగేసేలా చూస్తూ నడుపుతున్నాడు. వరమ్మ ఎడమ పక్క చూస్తూ "గొర్రెలు", "గుంత", "అవ్వ" అని చెప్తోంది. గాలికి చెంగు ఎగురుతుంటే ఒక చేత్తో అదిమి పట్టుకుంది.

కొంత దూరం పోయాక కీచుమని ఏదో చప్పుడు మొదలైంది. బాలస్వామి ముఖం మారిపోయింది. చక్రమా, పంఖానా, నీళ్ళ గొట్టమా అని ఒక్కొక్కటే అనుకుంటూ వేగం ఇంకా తగ్గించాడు. చప్పుడు పెరిగింది. వరమ్మ కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి విన్నది. విని, వెనక్కి తిరిగి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అది మన మోటారుది కాదయ్యా. ఎనకల ఎద్దులబండి వస్తాండాది. దాని ఇరుసుకు నూనె ల్యా."

వెనక నుంచి బండివాడు కేకేశాడు. "ఓ పెద్దాయనా, రోంత పక్కకు తియ్యప్పా! మాకు పొద్దుపోతాది."

బాలస్వామి మోటారును రోడ్డు వారకు తీసి ఆపాడు. ఎద్దులబండి గంటలు మోగించుకుంటూ వాళ్ళను దాటి ముందుకు పోయింది. బండివాడు మోటారులో ముందు కూర్చున్న ఆమెను చూసి తలగుడ్డ సవరించుకున్నాడు. వరమ్మ అతనికి చెయ్యి ఊపింది.